ఎనిమిది వందల డిగ్రీలు, అరగంట

నేను బనియాస్‌లో ఉంటున్నానని చెబితే మా విశాఖపట్నం చుట్టాలు చాలాకాలం నాకేదో బనియన్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికిందనుకున్నారు. కంప్యూటర్ తెలిసిన మేనల్లుడు ఒకడు ఇంటర్నెట్‌లో వెతికి, "మామయ్యా, అది సిరియాలో కదా, అక్కడ యుద్ధం కదా" అని కంగారుపడిపోయాడు. నిజమే, సిరియాలోనూ సముద్రం ఒడ్డున ఒక బనియాస్ ఉంది. అక్కడ పెద్ద చమురు శుద్ధి కర్మాగారం కూడా ఉంది. మాది అది కాదు. మాది అబూధాబి నగరం నుంచి అల్ ఐన్ వెళ్ళే దారిలో ఉన్న బనియాస్. బనీ యాస్ అనే తెగ పేరు మీద వెలిసిన ఊరు. అబూధాబిని ఏలే వంశం, దుబాయిని ఏలే వంశం రెండూ ఆ తెగ శాఖలే. పేరులో అంత వైభవం ఉన్నా ఊరు మాత్రం నెమ్మదైనది. ఇసుక రంగు ప్రహరీలు, వాటి మీంచి తొంగిచూసే వేపచెట్లు, ఖర్జూరాలు, ప్రతి నాలుగు వీధులకీ ఒక మసీదు, ఒక బకాలా కొట్టు. అబూధాబిలో చనిపోయిన వాళ్ళలో చాలామందిని పాతిపెట్టే శ్మశానం కూడా ఇక్కడే. పక్కనే ముసఫ్ఫా. అంటే కార్ఖానాలు, గోదాములు, వర్క్‌షాపులు, వాటిల్లో పనిచేసే లక్షలమంది. రాత్రి పడుకుంటే వినబడేది లారీల చప్పుడే. నిద్ర పట్టడానికి కొత్తలో ఏడాది పట్టింది. ఇప్పుడు సెలవుకి ఊరెళితే ఆ చప్పుడు లేకే నిద్ర పట్టదు.

ఉగాదికో సంక్రాంతికో తెలుగువాళ్ళం కలిసినప్పుడు "మీరేం చేస్తుంటారండీ?" అని అడుగుతారు కదా. "పెట్టెలు కాలుస్తానండి" అంటాను. నవ్వుతారు. నేను చేసేది అక్షరాలా అదే. కాకపోతే కంప్యూటర్లో కాలుస్తాను. ప్రమాదకరమైన సరుకుని రోడ్డు మీద తీసుకెళ్ళే పెట్టె, పీపా, ట్యాంకు మంటల్లో చిక్కుకుంటే ఎంతసేపు తట్టుకుంటుంది, లోపలి సరుకు బయటికి వస్తుందా రాదా అని లెక్క కట్టడం నా ఉద్యోగం. హైదరాబాదులో మౌలాలి దగ్గర ఒక చిన్న కన్సల్టెన్సీలో మొదలుపెట్టాను. అక్కడికి దగ్గర్లోనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. దేశంలో ఉన్న అణు రియాక్టర్లలో చాలావాటికి ఇంధనం తయారయ్యేది అక్కడే, అది లారీలెక్కి దేశమంతా తిరుగుతుంది. ఇంకా వాడని యురేనియం ఇంధనం దగ్గర నిలబడితే పెద్ద ప్రమాదమేమీ లేదు. అయినా దాన్ని పెట్టే పెట్టెకి బోలెడన్ని పరీక్షలు. ఆ పరీక్షల లెక్కలతోనే నేను ఈ పనిలో అక్షరాభ్యాసం చేశాను. తరవాత 2008లో ఇటు వచ్చేశాను.

ఎడారిలో ఈ పనేమిటని మీకు అనుమానం రావచ్చు. అబూధాబి రాజ్యానికి పడమటి కొసన బరాకా అణు విద్యుత్ కేంద్రం ఉంది. నాలుగు రియాక్టర్లు, మొదటిది 2021లో వ్యాపార స్థాయిలో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది, నాలుగోది 2024లో. కానీ నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి అంత గొప్ప పెట్టెలు కావు. పైపుల వెల్డింగ్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఎక్స్‌రే లాగా ఫొటో తీస్తారు. చమురు దేశంలో పైపులకేం కరువు? ఆ ఫొటోకి వాడేది ఇరీడియం 192 అనే రేడియోధార్మిక లోహం. మిరియపు గింజంత కూడా ఉండదు. దాన్ని పెట్టే కెమెరా మాత్రం ఇరవై కిలోలకు అటూ ఇటూ తూగుతుంది, లంచ్ బాక్సుకి హ్యాండిల్ పెట్టినట్టు ఉంటుంది. ఆ బరువులో ఎక్కువ భాగం డిప్లీటెడ్ యురేనియం. ఒక రేడియోధార్మిక పదార్థాన్ని ఆపడానికి ఇంకో రేడియోధార్మిక పదార్థాన్నే గోడగా కట్టారంటే వినడానికి వింతగా ఉంటుంది గానీ, అంత బరువైన లోహం కిరణాల్ని బాగా ఆపుతుంది. ఈ కెమెరాలు మామూలు పికప్ బళ్ళలో, తాళం వేసిన ఇనప పెట్టెల్లో, రాత్రిళ్ళు ముసఫ్ఫా నుంచి బయల్దేరి ఎడారిలోకి పోతుంటాయి. మీ కారు పక్కన సిగ్నల్ దగ్గర ఆగిన పికప్ మీద మూడు రెక్కల పసుపుపచ్చ గుర్తు కనిపిస్తే అదే.

ఇలాంటి పెట్టెలకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1961 నుంచీ నిబంధనలు రాస్తూ వస్తోంది. అందులో పెద్ద సరుకు మోసే బి రకం పెట్టెకి పెట్టే పరీక్ష వింటే ఎవరికైనా జాలి వేస్తుంది. ముందు తొమ్మిది మీటర్ల ఎత్తునుంచి కొంచెం కూడా లొంగని నేల మీద పడేస్తారు. తరవాత మీటరు ఎత్తునుంచి నిలబెట్టిన ఉక్కు కడ్డీ మీద పడేస్తారు. అలా సొట్టలు పడ్డ అదే పెట్టెని అప్పుడు మంటల్లో పెడతారు. 800 డిగ్రీల సెంటిగ్రేడు, అన్ని వైపులా మంట చుట్టుముట్టాలి, 30 నిమిషాలు. మంట ఆపేశాక నీళ్ళు కొట్టకూడదు, చల్లార్చకూడదు. దానంతటది చల్లారాలి. అసలు మెలిక అక్కడే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఈ పరీక్ష మొదలయ్యేటప్పుడు చుట్టూ గాలి 38 డిగ్రీలు, పైన ఎండ కాస్తున్నట్టు లెక్క. ఈ 38 చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. యూరప్‌లో కూర్చుని రాసినవాళ్ళకి అది మహా ఎండ. మాకు ఏప్రిల్. జులైలో మధ్యాహ్నం 45 దాటుతుంది, పికప్ డబ్బాలో మూత వేసిన పెట్టె చుట్టూ ఇంకెంత ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకూ ఆరుబయట మనుషుల చేత పని చేయించకూడదని చట్టం. పెట్టెలకి ఆ చట్టం వర్తించదు. అందుకని నేను లెక్క ఎప్పుడూ 38తో ఒకసారి, 55తో ఒకసారి వేస్తాను. నిజం చెప్పాలంటే 800 డిగ్రీల మంట ముందు ఈ పదిహేడు డిగ్రీల తేడా ఉక్కుకి పట్టదు. మూత దగ్గర ఉండే రబ్బరు సీలుకి మాత్రం పడుతుంది. రబ్బరు తట్టుకునే హద్దుకి ఐదారు డిగ్రీల దూరంలో లెక్క ఆగినప్పుడు పదిహేడు చిన్న సంఖ్య కాదు.

మోడల్ అంటే ఏముంది. పెట్టె బొమ్మని చిన్న చిన్న ముక్కలుగా కోస్తాం, లక్షల ముక్కలు. ప్రతి ముక్కకీ పక్క ముక్క నుంచి ఎంత వేడి వచ్చింది, ఎంత పోయింది అని జమా ఖర్చులు రాస్తాం, మా నాన్న కిరాణా ఖాతా రాసినట్టే. క్షణం క్షణం ఆ ఖాతా నడిపించేది కంప్యూటరు. 800 డిగ్రీల మంట తన వేడిమితో చదరపు మీటరు మీద కుమ్మరించేది సుమారు 75 కిలోవాట్లు. నడినెత్తిన ఉన్న ఎండ ఒక కిలోవాటు. అంటే డెబ్బై ఐదుగురు సూర్యుళ్ళు ఒక్కసారి ఉదయించారనుకోండి. మా ఆవిడకి ఇలా చెబితే "మీ పికప్ డబ్బాలో ప్రళయం అన్నమాట" అంది.

లెక్క ఎంత పెద్దదైనా చివరికి తేలేది మూడు నాలుగు చిన్న విషయాల దగ్గర. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. సీసం గోడ ఉన్న పెట్టె మంటల్లో నిలబడితే ఆ గోడ కరిగి కిందికి జారి, పైన ఖాళీ వదిలేస్తుంది, ఆ ఖాళీలోంచి కిరణాలు బయటికి వస్తాయి. యురేనియం 1132 దాకా కరగదు కాబట్టి నిశ్చింత అనుకుంటాం. కానీ యురేనియం, ఇనుము ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే 725 దగ్గరే రెండూ కలిసి కరగడం మొదలుపెడతాయి. విడివిడిగా ఇద్దరూ గట్టివాళ్ళే, కలిస్తే జావ. అందుకే వాటి మధ్య రాగి రేకు లాంటిది అడ్డం పెడతారు. పెద్ద పెట్టెల చివర్ల దెబ్బ తట్టుకోవడానికి కట్టెలు పెడతారు. ఉక్కుతో చేసిన పెట్టెకి కట్టె కాపలా ఏమిటని కొత్తలో నేనూ నవ్వాను. కట్టె మీద బొగ్గు పొర కట్టాక లోపలికి వేడి పోనివ్వడంలో అంత మొండిది ఇంకోటి లేదు. మన పల్లెల్లో కాలిన ఇళ్ళ దూలాలు చూసినవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది.

ఇక ఆ మెలిక. మంట అరగంటకి ఆగిపోతుంది. బయటి పెంకు చల్లబడటం మొదలవుతుంది. లోపల మాత్రం వేడి ఇంకా ప్రయాణం చేస్తూనే ఉంటుంది. కుంపటి మీంచి దించిన మందపాటి ఇత్తడి గిన్నెలో పప్పు ఇంకాసేపు ఉడుకుతుందే, అలాగ. సీలు అన్నిటికన్నా వేడెక్కేది మంట ఉన్నప్పుడు కాదు, ఆరిపోయిన తరవాత. చిన్న పెట్టెలో కొన్ని నిమిషాలకి, వందల టన్నుల పెట్టెలో గంటల తరవాత. కొత్తగా చేరిన పిల్లలు ముప్ఫయ్యో నిమిషం దగ్గర లెక్క ఆపేసి అంతా క్షేమం అని రిపోర్టు రాసుకొస్తుంటారు. వాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టి, గీత పైకెక్కడం మానేసి దిగడం మొదలుపెట్టేదాకా నడపమంటాను.

అరగంటే ఎందుకు, గంట ఎందుకు కాదు అని అడగాలి మీరు. న్యాయమైన ప్రశ్న. 2001 జులై 18న అమెరికాలో బాల్టిమోర్ ఊరికింద సొరంగంలో ఒక గూడ్సు రైలు పట్టాలు తప్పి, ట్రైప్రొపిలీన్ అనే ద్రావకం ఉన్న ట్యాంకు కారి అంటుకుంది. మంటలు రోజుల తరబడి ఆరలేదు. ఆ రైల్లో అణు ఇంధనమేమీ లేదు. ఉండి ఉంటే? అని అక్కడి అణు నియంత్రణ కమిషన్ అడిగింది. వాళ్ళ శాస్త్రజ్ఞులు ఆ సొరంగం మంటని కంప్యూటర్లో మళ్ళీ వెలిగించి, వాడేసిన ఇంధనం మోసే పెద్ద పీపాల్ని అందులో పెట్టి చూశారు. కొన్నిటిలో సీళ్ళు తమ హద్దు దాటాయి. ఇంధనం మాత్రం బయటపడలేదు. 1982 నాటి కాల్డెకాట్ సొరంగం మంటతోనూ, 2007 ఏప్రిల్ 29న ఓక్లండ్ దగ్గర మెకార్థర్ మేజ్ వంతెనల కింద పెట్రోలు ట్యాంకరు కాలిన మంటతోనూ అలాంటి లెక్కలే చేశారు. నాకు ఈ మూడోది బాగా గుర్తుండిపోయింది. ముప్ఫై రెండు వేల లీటర్లకు పైగా పెట్రోలు, పైనున్న ఉక్కు వంతెన ఇరవై నిమిషాల ప్రాంతంలో కూలిపోయింది. ఆ ట్యాంకరు డ్రైవరు కాలిన ఒంటితో నడుచుకుంటూ బయటికొచ్చి, టాక్సీ పిలిచి ఆసుపత్రికి పోయాడు. ఉక్కు ఎన్నో డిగ్రీ దగ్గర వంగిందో వందల పేజీల్లో ఉంది. ఆ మనిషి నడిచిన దూరం గురించి అందులో లేదు. వాళ్ళ పని అది కాదు, తప్పు పట్టడానికీ లేదు.

సొరంగాల సంగతి అలా ఉంటే, నిజంగా మనుషుల్ని చంపుతున్నవి ఈ గట్టి పెట్టెలు కావు. గ్యాసు ట్యాంకర్లు. స్పెయిన్‌లో 1978 జులై 11న లోస్ అల్ఫాకెస్ అనే చోట, పరిమితికి మించి ప్రొపిలీన్ నింపుకున్న ట్యాంకరు సముద్రం ఒడ్డున గుడారాల మధ్య పేలి రెండు వందల మందికి పైగా చనిపోయారు. కేరళలో కన్నూరు దగ్గర 2012లో వంట గ్యాసు ట్యాంకరు. జైపూర్ దగ్గర 2024 డిసెంబరు 20న ఇంకోటి, అందులో పోయిన వాళ్ళలో వెనక బళ్ళలో ఉన్నవాళ్ళే చాలామంది. మా విశాఖలో 1997 సెప్టెంబరు 14, ఆదివారం తెల్లవారి రిఫైనరీలో గ్యాసు కారి అంటుకుని, దాదాపు అరవై మంది పోయిన సంగతి మా ఊరివాళ్ళు ఎవరూ మరిచిపోలేదు. అది ట్యాంకరు కాదు, నేల మీద ఉండే గోళాలు. అయినా లోపల జరిగే కథ ఒక్కటే.

ఆ కథని నేను ఇంట్లో చెప్పాల్సి వచ్చిన సందర్భం ఒకటి ఉంది.

మా విల్లాలో వెనక వాటాలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన ఉంటాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన నన్ను సార్ అంటాడు, మానమంటే మానడు. ఇరవై ఏళ్ళ పైబడి గల్ఫ్‌లో బళ్ళు నడుపుతున్నాడు, అందులో సగం కాలం గ్యాసు ట్యాంకరు. ఏ కంపెనీయో ఇక్కడ అనవసరం. 2022 జనవరి 17 సోమవారం పొద్దున ముసఫ్ఫాలో చమురు నిల్వల దగ్గర డ్రోన్ల దాడి జరిగి మూడు పెట్రోలు ట్యాంకర్లు పేలిపోయాయి. ముగ్గురు చనిపోయారు, ఇద్దరు భారతీయులు, ఒక పాకిస్తానీ. ఆరుగురు గాయపడ్డారు. ఇద్దరు భారతీయులు అన్న మాట పేర్లకంటే ముందు టీవీల్లో వచ్చింది. ఆ మధ్యలో తెలంగాణ పల్లెల్లో ట్యాంకరు డ్రైవరున్న ప్రతి ఇంటినుంచీ ఫోన్లు మోగాయి. ఆయన ఆ టైములో రువైస్ దారిలో బండి నడుపుతున్నాడు, ఫోను తీయలేదు. వాళ్ళావిడ నాకు చేసింది. నేను ఎవరెవరికో చేసి, చివరికి ఆయన దొరికేసరికి మధ్యాహ్నమైంది. "నడుపుతుంటే ఫోన్ ఎట్లెత్తుత సార్, ఫైన్ పడ్తది" అన్నాడు, మామూలుగానే.

ఆ తరవాత కొన్నాళ్ళకి ఒక ఆదివారం టీ గ్లాసుతో వచ్చి కూర్చున్నాడు. కొడుకు ఐటీఐ ఫిట్టర్ చేశాడు, ఇరవై ఒకటి నిండాయి. ఇక్కడికి తీసుకొద్దామని ఉంది. రెండు దారులు ఉన్నాయి. ఒకటి, వెల్డింగు ఫొటోలు తీసే కంపెనీలో హెల్పర్. ఆ లంచ్ బాక్సు మోసే పనే. రెండోది, లైసెన్సులు ఒక్కొక్కటే సంపాదించుకుని నాలుగేళ్ళకో ఐదేళ్ళకో ట్యాంకరు మీద ఎక్కడం. జీతం రెండోదాన్లో ఎక్కువ.

"సార్, మీరు మంటల లెక్కలు చేస్తరు గదా. గా డబ్బ గట్టిదా, నా ట్యాంకర్ గట్టిదా? పోరన్ని ఎందుల పెట్టాలె?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. కాగితం తీసుకున్నాను.

గ్యాసు ట్యాంకులో కింద ద్రవం, పైన ఆవిరి ఉంటాయి. మంట తగిలినప్పుడు ద్రవం ఉన్న చోట గోడ పెద్దగా వేడెక్కదు. నీళ్ళున్న గిన్నె అడుగు మాడదు, అంతే. ద్రవం మరిగి ఆవిరవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, పైన వాల్వు తెరుచుకుని ఊదేస్తుంది. మంచిదే. కానీ ఊదే కొద్దీ లోపల ద్రవం మట్టం దిగిపోతుంది, పొడి గోడ పెరుగుతుంది. పొడి గోడ అంటే వట్టి పెనం. 600 డిగ్రీల దగ్గర ఆ ఉక్కు బలం సగానికి పడిపోతుంది. అప్పటికి లోపల ఒత్తిడి తగ్గలేదు. గోడ పైన ఎక్కడో ఉబ్బి, చిరుగుతుంది. చిరిగిన క్షణంలో లోపలున్న ద్రవమంతా ఒక్కసారి ఆవిరై అంటుకుంటుంది. ఇరవై టన్నుల గ్యాసుకి ఆ అగ్నిగోళం అడ్డంగా నూట యాభై మీటర్లకు పైన, పన్నెండు సెకన్ల పాటు.

"ఎంత సేపట్ల?" అన్నాడు.

అమెరికాలో 1970ల్లో వైట్ శాండ్స్ అనే చోట నిజం రైలు ట్యాంకుల్నే ప్రొపేన్‌తో నింపి కాల్చి చూశారు. ఏ పూతా లేనిది 24 నిమిషాలకి పేలింది. పైన వేడిని ఆపే పూత వేసింది 94 నిమిషాలు ఆగింది. ఆ ఒక్క డెబ్బై నిమిషాల తేడా చూసి అక్కడ రైలు ట్యాంకులకి నిబంధన పెట్టారు, చుట్టూ మంటలో 100 నిమిషాలు, ఒక్కచోట కొట్టే జ్వాలలో 30 నిమిషాలు ఆగాలని. రోడ్డు మీద తిరిగే గ్యాసు ట్యాంకర్లకి ప్రపంచంలో చాలాచోట్ల అలాంటి పూత లేదు. రైలు ట్యాంకు కంటే వీటి గోడ పల్చన. 10 మిల్లీమీటర్ల పొడి ఉక్కు రేకుని ఆ ఇరీడియం పెట్టె పరీక్షలో వాడే 800 డిగ్రీల మంటలోనే పెడితే, 600 చేరడానికి తొమ్మిది పది నిమిషాలు పడుతుంది. చేతి లెక్క. 600 చేరగానే పేలాలనేం లేదు, వాల్వు బాగా పనిచేస్తే ఇంకా ఆగొచ్చు. మంట ఒకేచోట జ్వాలలా కొడితే అంతకంటే చాలా ముందే కావొచ్చు.

"అయితే డబ్బే గట్టిది" అన్నాడు.

మంటకి గట్టిదే. జర్మనీలో 1999లో అణు ఇంధనం పీపా పక్కనే ప్రొపేన్ రైలు ట్యాంకుని పేల్చి చూశారు. పీపా కొన్ని మీటర్లు ఎగిరిపడింది, కారలేదు. ఆ జాతి పెట్టెలవి. కానీ అన్నా, ఆ లంచ్ బాక్సు మంటల్లో పడేది ఏ కోటికో ఒకసారి. రోజూ రాత్రి దాన్ని తెరిచేది మనిషి. ఆ గింజని తీగతో బయటికి తోసి, ఫొటో అయ్యాక లోపలికి లాగుతారు. అది పూర్తిగా లోపలికి వచ్చిందో లేదో మీటరు పెట్టి చూడాలి. అలసిపోయో, తొందరలోనో చూడనినాడు ప్రమాదం. అది కనిపించదు, వాసన రాదు, వేడిగా ఉండదు. నేను లెక్క వేసే మంటకి ఆ ప్రమాదానికీ సంబంధమే లేదు. మీవాడు మీటరు చూడనిదే అడుగు వేయని రకమైతే డబ్బాలో పెట్టండి. ట్యాంకరు మీద ఎంత జాగ్రత్తపరుడైనా వెనక గుద్దేవాడి చేతిలో ఉంటుంది.

ఇలా చెప్పాను. ఉద్యోగాల మీద ఇంకొకరికి సలహా ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. కానీ ఆయన నన్ను అడిగింది సలహా కాదు, లెక్క. లెక్కకి ఏది లొంగుతుందో ఏది లొంగదో చెప్పడం నా పనే అనిపించింది.

కుర్రాడు వచ్చాడు. డబ్బా పనిలోనే చేరాడు. ఛాతీ మీద కిరణాలు కొలిచే బిళ్ళ, చేతిలో మీటరు, రాత్రి పని, పగలు నిద్ర. వాళ్ళ నాన్న కంటే ప్రశ్నలు ఎక్కువ అడుగుతాడు. ఒకసారి ఆ మీటరు పట్టుకొచ్చి మా బాల్కనీలో గ్రానైటు మీద పెట్టి చూపించి, "అంకుల్, మీ ఇంట్ల గూడ ఉన్నది" అని మా ఆవిణ్ణి హడలగొట్టాడు. గ్రానైటులో ఎప్పుడూ కొంచెం ఉంటుందని నేను సర్దిచెప్పాల్సి వచ్చింది. వాడి గురించి నాకు బెంగ లేదు.

బెంగ వాళ్ళ నాన్న గురించే. ఆయన ట్యాంకరు మీదే ఉన్నాడు, ఇంకో రెండేళ్ళు చేసి వెళ్ళిపోతానంటాడు. గల్ఫ్‌లో ఆ రెండేళ్ళు ఎంత పొడుగో చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. కొడుకు విషయం తేలాక ఒకరోజు తన ప్రశ్న అడిగాడు. "సార్, ట్యాంకర్‌కి మంటంటుకుంటే నేను ఎంత దూరం ఉర్కాలె?"

అమెరికా, కెనడా అగ్నిమాపక దళాలు బళ్ళలో పెట్టుకునే పుస్తకంలో దీనికి జవాబుంది. గ్యాసు ట్యాంకరు మంటల్లో ఉంటే అన్ని వైపులా 1600 మీటర్లు ఖాళీ చేయించాలి. అంత దూరం ఎందుకంటే చిరిగిన ట్యాంకు ముక్కలు చాలా దూరం ఎగురుతాయి, ఎటు ఎగురుతాయో ఎవరూ చెప్పలేరు. ఫోను, పాస్‌పోర్టు, బండి కాగితాలు ఏవీ తీసుకోవద్దని, నాలుగైదు వందల మీటర్లు దాటితే సగం గండం గడిచినట్టేనని, ట్యాంకు కొసలు చూసే దిక్కున కాకుండా పక్కకి పరిగెత్తమని, అయినా పక్కలు కూడా పూర్తిగా భద్రం కాదని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

తరవాతి ఆదివారం సాయంత్రం పార్కు చుట్టూ నడిచే బాట మీద ఆయన్ని చూశాను. కంపెనీ ఇచ్చిన ఇనప ముట్టె బూట్లు వేసుకుని, పని బట్టల్లో పరిగెత్తుతున్నాడు. ఫిలిప్పీన్ పిల్లలు కొందరు ఆగి చూస్తున్నారు. కొడుకు ఫోన్లో టైము చూస్తున్నాడు. పదహారు వందల మీటర్లు అయ్యాక వచ్చి బెంచీ మీద కూలబడి, ఊపిరి తీసుకుని చెప్పాడు.

"పదమూడు నిమిషాల ఇర్వై సెకన్లు సార్. మీరు తొమ్మిది పది అన్నరు. మీ లెక్కల ఇంకో నాలుగు నిమిషాలు ఏడనన్న దొరుకుతయా?"

పూత వేస్తే దొరుకుతాయి. కొన్ని మిల్లీమీటర్ల మందం చాలు, నాలుగు కాదు, ఇంకా ఎక్కువే దొరుకుతాయి. పూత వేయించేది నేను కాదు, ఆయన కాదు. అదే చెప్పాను. ఆయన తల ఊపి బూట్ల తాడు బిగించుకున్నాడు. కొడుకు మళ్ళీ టైము సున్నా చేశాడు.